బడి గదిలో గాలికి పద్దు లేదా? గోదావరి డెల్టా బడి భవనాల గురించి బహిరంగ లేఖ

గోదావరి డెల్టా జిల్లాల్లో బడి భవనాలు కట్టించే, మరమ్మతులు చేయించే ఇంజనీర్లకు, విద్యాశాఖ అధికారులకు, బడి యాజమాన్య కమిటీల సభ్యులకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

2019 నవంబరులో మొదలైన నాడు–నేడు పనులతో చాలా ఊళ్ళలో బడి రూపు మారింది. ఫ్యాన్లు, ట్యూబులైట్లు, గ్రీన్ బోర్డులు, మరుగుదొడ్లు, రంగులు వచ్చాయి. ఆ మేలును మేం కాదనం. అయితే గదిలో కూర్చున్న నలభై మంది పిల్లలకు గంటకు ఎంత కొత్త గాలి అందాలి, అది ఏ కిటికీ గుండా రావాలి అన్న సంగతి ఆ జాబితాలో విడిగా లేదు. ఎస్టిమేట్‌లో లేనిది ఎం-బుక్‌లోకి (చేసిన పనిని కొలిచి రాసే పుస్తకంలోకి) రాదు, ఎం-బుక్‌లో లేని పని జరగదు.

దీని మీద అర్జీలు పెట్టుకున్నాం. "పరిష్కరించబడినది" అని ఫోనుకు సందేశం వచ్చింది. తుప్పు పట్టి బిగుసుకున్న కిటికీలు మాత్రం అలాగే ఉన్నాయి. అందుకే ఈ లేఖ అందరి ముందూ పెడుతున్నాం.

మా మాట ఒక్కటే. ముందు కిటికీ బాగుచేయాలి, తర్వాత పైకప్పూ గోడా, ఆ తర్వాత ఫ్యానూ లైటూ. సోలారు, ఏసీల సంగతి ఆఖర్న. ఇప్పుడు ఈ వరస తలకిందులుగా నడుస్తోంది. అందువల్ల గదిలో గాలీ చెడుతోంది, కరెంటు బిల్లూ పెరుగుతోంది.

జరుగుతున్నది

1. ఫ్యాను తిప్పేది గదిలో ఉన్న గాలినే. 48 అంగుళాల సీలింగ్ ఫ్యాను నిమిషానికి దాదాపు 200 ఘనపు మీటర్ల గాలిని కదిలిస్తుంది. ఒంటికి హాయిగా ఉంటుంది, చెమట ఆరుతుంది. కిటికీలు వేసి ఉంటే మాత్రం ఆ కదిలేదంతా పిల్లలు వదిలిన ఊపిరే.

లెక్క చూడండి. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదిలో 4,000 ఘనపు అడుగుల గాలి పడుతుంది. అంటే 113 ఘనపు మీటర్లు. కూర్చుని చదువుకునే పిల్లవాడు గంటకు సుమారు 14 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నలభై మందికి 560 లీటర్లు. బయటి గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్ళకు సుమారు 420 పాళ్ళు ఉంటుంది. సందుల్లోంచి గంటకు ఒకసారి గది గాలి మారుతుందని ఉదారంగా లెక్కేసుకున్నా, 45 నిమిషాల పీరియడ్ ముగిసేసరికి అది 3,000కు చేరుతుంది. మనం వదిలే ఊపిరిలో ఇది 40,000 పాళ్ళ దాకా ఉంటుంది కాబట్టి, ఆ గదిలో పీల్చే ప్రతి పదిహేను గుక్కల్లో ఒకటి అప్పటికే ఇంకొకరు పీల్చి వదిలినదన్నమాట.

3,000 పాళ్ళ కార్బన్ డయాక్సైడ్ విషం కాదు. గాలి మారడం లేదని చెప్పే గుర్తు అది. దాని వెంటే మత్తు, తలనొప్పి, పాఠం మీద నిలవని ధ్యాస వస్తాయి. జలుబు, ఫ్లూ, తట్టు, క్షయ లాంటి గాలి రోగాలకు అలాంటి గదే అనువు. మధ్యాహ్నం రెండింటికి కునుకు తీసే పిల్లవాడికి మొద్దు అని పేరు పెడతారు. ఆ గదిలో మీరు కూర్చున్నా మీకూ నిద్రే వస్తుంది. ఒక బిడ్డకు జ్వరం వస్తే కూలికి వెళ్ళే తల్లి రెండు మూడు రోజుల కూలి పోగొట్టుకుంటుంది. బెంచీలో పక్కనున్న నలుగురికీ అంటితే నాలుగిళ్ళలో అదే జరుగుతుంది.

అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే రాసిన 62.1 ప్రమాణం ప్రకారం తరగతి గదిలో ఒక్కొక్కరికి సెకనుకు 5 లీటర్లు, దానికి తోడు నేల చదరపు మీటరుకు 0.6 లీటరు చొప్పున కొత్త గాలి రావాలి. మనం చెప్పుకున్న గదికి అది గంటకు 800 ఘనపు మీటర్లు. అంటే గాలి గంటకు ఏడుసార్లు మారాలి. అలా మారితే కార్బన్ డయాక్సైడ్ 1,120 దగ్గర నిలిచిపోతుంది. ఇందుకు యంత్రం అక్కర్లేదు.

2. కిటికీ కొలత కాగితం మీద సరిపోతోంది, గోడలో సరిపోవడం లేదు. మనలాంటి తడి వేడి ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు కిటికీ ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. తలుపు అందులోకి రాదు. తెరుచుకోని అద్దం కూడా రాదు. 400 చదరపు అడుగుల గదికి 67 చదరపు అడుగులు తెరుచుకోవాలి.

ఇప్పుడు పెడుతున్న అల్యూమినియం స్లైడింగ్ కిటికీ 4 అడుగులకు 4 అడుగులు. నాలుగు పెడితే డ్రాయింగులో 64 కనిపిస్తుంది. కానీ స్లైడింగ్‌లో ఒక రెక్క ఇంకో రెక్క వెనక్కి జరుగుతుందే గానీ బయటికి పోదు. తెరుచుకునేది సగమే, 32. దోమల మెష్ బిగిస్తే, దానికి దుమ్ము పడితే, అందులోనూ సగం పోతుంది. పాత పెంకుటి బడుల్లో రెక్కల కిటికీలు పూర్తిగా తెరుచుకునేవి, పైన వెంటిలేటర్లు ఉండేవి, జల్లు కొట్టకుండా వసారా, దిగువగా చూరు ఉండేవి. ఆ భవనాలు కట్టిన మేస్త్రీలకు ఈ వాతావరణం తెలుసు.

ఎదురెదురు గోడల్లో కిటికీలు ఉండటం కూడా అంతే ముఖ్యం. గాలి నేరుగా తగిలేటప్పుడు, సెకనుకు అర మీటరు వేగం గల చిన్న పాటి గాలి ఒక చదరపు మీటరు కిటికీలోంచి వచ్చి, ఎదుటి గోడలో అంతే కిటికీలోంచి పోతే, గంటకు వెయ్యి ఘనపు మీటర్లు దాటుతుంది. ఏటవాలుగా తగిలితే సగం. మెష్ ఉంటే ఇంకా తక్కువ. ఆరో వంతు నియమం దుబారా కాదని ఈ లెక్కే చెబుతుంది. అన్ని కిటికీలూ ఒకే గోడకు ఉంటే ఎన్ని ఉన్నా గాలి లోపలి దాకా రాదు.

3. ఉన్న కిటికీలు ఎందుకు మూతపడుతున్నాయో ఎవరూ అడగడం లేదు. సముద్రపు ఉప్పు గాలికి ఇనుప బందులూ గడియలూ రెండు మూడు వానాకాలాలకే బిగుసుకుపోతాయి. సన్‌షేడ్ అడుగున్నరే ఉంటే నైరుతి జల్లు బెంచీల మీదికి కొడుతుంది, టీచరు కిటికీ వేస్తారు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల పక్క బడుల్లో వాసనకూ, డీజిల్ ఇంజన్ల పొగకూ ఆ వైపు కిటికీలు తీయరు. హైస్కూళ్ళలో డిజిటల్ ప్యానెళ్ళు వచ్చాక తెర మీద వెలుగు పడుతోందని వేసేవి ఇంకొన్ని. ప్యానెల్ బిగించేటప్పుడే దాన్ని కిటికీకి ఎదురుగా కాక, కిటికీ ఉన్న గోడకు లంబంగా ఉండే గోడకు బిగిస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. బీరువాలు, విరిగిన బల్లలు అడ్డం పెట్టినవి సరేసరి. పావురాలు దూరుతున్నాయని వెంటిలేటర్లకు ఫ్లెక్సీ గుడ్డ కొడుతున్నారు. అక్కడ ముప్పాతిక అంగుళం కంతల జాలీ కొడితే పిట్టా రాదు, గాలీ ఆగదు.

4. గోడ చెమ్మకు రంగు మందు కాదు. డెల్టా నల్లమట్టిలో నీరు పైపైనే ఉంటుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది, బడి ఆవరణ పల్లమైపోతుంది, నీళ్ళు నిలుస్తాయి. అప్పుడు మెరక తోలిస్తారు. ఆ మెరక భవనం ప్లింతు (నేల నుంచి గది గచ్చు దాకా ఉండే అడుగు భాగం) దాటి గోడకు ఆనుకుంటే, పునాది మీద వేసిన చెమ్మ నిరోధక పొర మట్టిలో కూరుకుపోతుంది. చెమ్మ ఆ పొరను దాటి పైగోడకెక్కుతుంది. గోడ ఉప్పు కక్కుతుంది, పెచ్చులూడుతుంది, బీరువాల వెనక బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు బూజు ఉన్న గదిలో ఊపిరాడటం కష్టం.

దాని మీద ఎనామిల్ వేస్తే లోపలి చెమ్మ బయటికి ఆరే దారి మూసుకుపోయి ఇంకాస్త పైకి ఎక్కుతుంది. మరుసటి ఏడు మళ్ళీ రంగు, మళ్ళీ బిల్లు. చేయాల్సిన పని వేరు. మెరకను గోడ నుంచి మూడడుగుల దూరం దాకా ప్లింతు కంటే కనీసం ఆరంగుళాలు దిగువకు తీసేయాలి. అక్కడ బయటికి వాలుగా గచ్చు వేసి, చివర కాలువ తీయాలి. చెమ్మ గీత కంటే అడుగు పై దాకా పాత ప్లాస్టరు కొట్టేసి, ఒక వేసవంతా ఆరనిచ్చి, సున్నపు ప్లాస్టరు, సున్నమే వేయాలి. సున్నం గోడను ఊపిరి తీసుకోనిస్తుంది, దాని ఘాటుకు బూజు త్వరగా పట్టదు. శ్లాబు మీద ఆకులు పడి తూములు పూడితే నీళ్ళు నిలిచి లోపలి ఊచ తుప్పు పడుతుంది, పెచ్చులు పిల్లల మీద పడతాయి. జూన్‌లో బడి తెరిచే ముందు ఒకసారి, అక్టోబరులో ఒకసారి తూములు తీయించడానికి ఒక మనిషి అరపూట పని చాలు.

5. పొగ బయటి నుంచే కాదు, బడి వంటింటి నుంచీ వస్తోంది. గ్యాసు ఖర్చు వంట బిల్లులోంచే పోవాలి, ఆ బిల్లు ఆలస్యమవుతుంది, అందుకే కొబ్బరి మట్టలు, డొక్కలు, కట్టెలు పొయ్యిలోకి పోతున్నాయి. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనానికి వండే ఆడవాళ్ళు ఆ పొగలో గంటలకొద్దీ నిలబడుతున్నారు. వంట షెడ్డు తరగతి గదుల కిటికీల కిందే ఉంటే అక్కడ కిటికీ తీయమని చెప్పే మొహం ఎవరికీ ఉండదు. డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్న మధ్యాహ్న భోజన పథకం ఇది. ఆ తల్లి పుట్టి, అన్నం పెట్టిన ఈ గడ్డ మీద బడి వంటమ్మ కళ్ళు మండుతూ వండటం మనకు తగదు.

సార్వా (ఖరీఫ్ వరి) కోతల తర్వాత ఒకసారి, దాళ్వా (రబీ వరి) తర్వాత మరోసారి, కోత మిషను వదిలిన గడ్డిని చేలలో తగలబెడతారు. రైతును తప్పుపట్టి లాభం లేదు. తర్వాతి పంటకు రోజులు తక్కువ. బడి నడిచే వేళల్లో, బడికి దగ్గరి చేలలో మాత్రం నిప్పు పెట్టకుండా పంచాయతీ, వ్యవసాయ సిబ్బంది ముందే మాట్లాడాలి. చెత్తకుప్పలకూ ఇదే మాట.

6. కరెంటు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. రోజుకు 6 గంటలు, ఏడాదికి 220 రోజులు తిరిగితే 99 యూనిట్లు. రాగి చోకుతో కూడిన పాత ట్యూబులైటు 50 వాట్ల దాకా లాగుతుంది, 66 యూనిట్లు. ఎనిమిది గదుల బడి, గదికి నాలుగు ఫ్యాన్లు, నాలుగు లైట్లు అనుకుంటే ఏడాదికి 5,280 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే 37,000 దాకా అవుతుంది. బడి నిర్వహణకు వచ్చే సమగ్ర శిక్ష గ్రాంటు 251 నుంచి 1,000 మంది ఉన్న బడికి ఏడాదికి 75,000. ఆ గ్రాంటులోంచే బిల్లు కట్టాల్సిన చోట సగం కరెంటుకే పోతుంది. సుద్దముక్కలు, చీపుళ్ళు, బందులు, మరమ్మతులు అన్నీ మిగిలిన సగంలోనే సర్దుకోవాలి.

అందరూ చెప్పే మందు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్‌లు లేని మోటారు ఫ్యాను. మంచిదే. ఒక్కో ఫ్యానుకు ఏడాదికి 59 యూనిట్లు, అంటే 415 రూపాయలు మిగులుతాయి. ఫ్యాను ధర 2,500 నుంచి 3,000. పెట్టుబడి తిరిగి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. కాబట్టి బాగా తిరుగుతున్న ఫ్యాన్లను ఊడపీకి కొత్తవి బిగించమని మేం అడగం. కాలిపోయిన ఫ్యానుకు మళ్ళీ వైండింగ్ కట్టించకుండా దాని స్థానంలో బీఎల్‌డీసీ పెట్టమంటాం. నెమ్మదించిన ఫ్యానుకు చాలాసార్లు పోయేది కెపాసిటరే. 2.5 మైక్రోఫారడ్‌ది, కొద్ది రూపాయలతో మార్చొచ్చు. అది మార్చకుండా ఫ్యాను చాలడం లేదని ఇంకొకటి బిగించిన గదులున్నాయి. పాత డబ్బా రెగ్యులేటర్లు వేగం తగ్గించినప్పుడు ఆ కరెంటును వేడిగా వదిలేస్తాయి. అవి మార్చాల్సిందే.

లైట్లలో పెద్ద పొదుపు కిటికీలోనే ఉంది. కిటికీ తీసి, సీలింగుకు తెల్ల సున్నం వేస్తే పగటిపూట కిటికీ వైపు వరస వెలిగించక్కర్లేదు. ఇప్పటి వైరింగులో రెండు వరసలూ ఒకే స్విచ్చు మీద ఉన్నాయి కాబట్టి లోపలి వరస కోసం బయటి వరసా వెలగాలి. స్విచ్చులు విడదీస్తే చాలు.

ఇక ఏసీ. కంప్యూటరు గదులకూ ఆఫీసు గదులకూ స్ప్లిట్ ఏసీలు అడుగుతున్నారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని చుక్కైనా తేదు, పైగా కిటికీలు మూయిస్తుంది. టన్నున్నర ఏసీ 1.5 కిలోవాట్లు. కంప్రెసరు మూడింట రెండు వంతుల సేపే తిరిగినా ఏడాదికి 1,320 యూనిట్లు. అంటే 22 ఫ్యాన్లు మార్చి మిగిల్చింది ఒక్క ఏసీ తినేస్తుంది.

శ్లాబుకు తెల్ల పూత దీనికంటే ఎంతో చౌక. ఎండలో నల్లబారిన శ్లాబు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడి గదిలోకి దిగుతుంది. తెల్ల పూత వేస్తే గదిలో రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. పొరుగున తెలంగాణ 2023లోనే దీనికి ఒక విధానం తెచ్చింది. మన దగ్గర ఒక తిరకాసుంది: వానాకాలం అయ్యేసరికి పాకుడు పట్టి తెలుపు నల్లబడుతుంది. అందుకని ఏటా ఫిబ్రవరి చివర, ఒంటిపూట బడులకు ముందే, శ్లాబు గీకి కడిగి, ఆరాక రెండు పూతలు వేయాలి. ఒక్కసారి వేసి ఫొటో తీసి వదిలేస్తే రెండో ఏటికి ప్రయోజనం ఉండదు.

7. సంక్షేమ వసతి గృహాల్లో పరిస్థితి ఇంకా కష్టం. పిల్లలు అదే గదిలో రాత్రంతా పడుకుంటారు. దోమలకు కిటికీలు మూసి దోమల చుట్టలు వెలిగిస్తారు. ఒక్క దోమల చుట్ట వదిలే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. దోమతెరలూ మెష్ కిటికీలూ ఇవ్వకుండా చుట్టలు మానమనడం అన్యాయం.

మేం అడుగుతున్నవి

1. ప్రతి మండలంలో రెండు బడుల్లో ముందు గాలి కొలవండి. ఎన్‌డీఐఆర్ సెన్సరున్న (పరారుణ కాంతితో ఆ వాయువునే నేరుగా కొలిచే) కార్బన్ డయాక్సైడ్ మీటరు తీసుకోండి. చౌకగా దొరికేవి వేరే వాసనల్ని బట్టి అంకె ఊహించి చూపిస్తాయి, అవి పనికిరావు. ముందు ఆరుబయట పది నిమిషాలు ఉంచితే 420–450 చూపాలి. తర్వాత గదిలో, కూర్చున్న పిల్లల ముక్కు ఎత్తున, కిటికీకీ పిల్లలకూ కనీసం మీటరు దూరంగా పెట్టి పది నిమిషాలకోసారి రాయాలి. వానరోజు ఒకటి, ఎండరోజు ఒకటి. 1,500 దాటిన గది మరమ్మతుల జాబితాలో మొదట రావాలి. పిల్లలు వెళ్ళాక మూసిన గదిలో, బయటి గాలి కంటే ఎక్కువున్న భాగం తగ్గి, అందులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే మిగలడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే, గాలి ఒకసారి మారడానికి పట్టే సమయం అదే. హైస్కూలు సైన్సు మాస్టారూ పిల్లలూ కలిసి ఈ పని చేయగలరు. అంకెలు బడి గోడ మీద అంటించండి.

2. కొత్త ఎస్టిమేట్లలో "తెరుచుకునే కిటికీ వైశాల్యం" అని ఒక పద్దు పెట్టండి. ఆరో వంతుకు తగ్గితే డ్రాయింగు తిప్పి పంపండి. స్లైడింగ్ కిటికీని సగంగానే లెక్కించండి. బందులు, గడియలు స్టెయిన్‌లెస్ స్టీలువి లేదా ఇత్తడివి రాయండి. నైరుతి వైపు సన్‌షేడ్ కనీసం రెండున్నర అడుగులు.

3. ఉన్న బడుల్లో బిగుసుకున్న కిటికీలు, మూసిన వెంటిలేటర్లు ఈ వేసవి సెలవుల్లోనే తెరిపించండి. దీనికి టెండరు అక్కర్లేదు. యాజమాన్య కమిటీకి డబ్బు ముందుగా ఇస్తే ఊరి వడ్రంగీ వెల్డరూ వారంలో చేసిపెడతారు.

4. చెమ్మ గోడకు ప్లింతు దగ్గరి మెరక తీయకుండా రంగు బిల్లు పాస్ చేయవద్దు.

5. బడి వంటకు గ్యాసు సిలిండరు ఖర్చు వంట బిల్లుతో కలపకుండా నేరుగా, నెల ముందే చెల్లించండి. తరగతి కిటికీల కిందున్న వంట షెడ్లకు కిటికీల కంటే ఎత్తుగా పొగగొట్టం కట్టించండి.

6. సోలారు పలకలు పెడితే ముందు శ్లాబు కారకుండా చూశాకే పెట్టండి. శ్లాబుకు కంతలు వేసి బోల్టులు దించితే అక్కడి నుంచే నీళ్ళు దిగుతాయి. తుపాను గాలిని తట్టుకునేలా, పలకలను పట్టి ఉంచే దిమ్మెల బరువు లెక్క కట్టించి, ఆ లెక్క మీద ఇంజనీరు సంతకం తీసుకోండి. 1996 నవంబరు తుపాను కోనసీమలో ఏం చేసిందో ఇంజనీర్లకు మేం చెప్పక్కర్లేదు.

7. వసతి గృహాల్లో ప్రతి మంచానికీ దోమతెర, ప్రతి కిటికీకీ విప్పి కడుక్కోగలిగే మెష్ ఫ్రేము ఇవ్వండి.

8. ఈ లేఖకు జవాబుగా "పరిష్కరించబడినది" అన్న సందేశం మాకు వద్దు. ఏ బడిలో, ఏ గదిలో, ఎన్ని చదరపు అడుగుల కిటికీ తెరుచుకుంది, ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది జాబితాగా రాసి, ఆ ఊరి పంచాయతీ బోర్డు మీద జూన్‌లో బడులు తెరిచే రోజుకు పెట్టండి. కొలతలకు మనుషులు కావాలంటే మేం వస్తాం.

ఇట్లు,
గోదావరి డెల్టాలో బడి భవనాల పనులు తెలిసిన విశ్రాంత ఇంజనీర్లు, ఎలక్ట్రీషియన్లు, సైన్సు ఉపాధ్యాయులు, బడి పిల్లల తల్లిదండ్రులు